ఇరవై నాలుగు నీలం పడవలు

"అంచులు కుట్టక్కర్లేదు. అసలు కుట్టకూడదు," అంది బొమ్మల టీచరు.

లైబ్రరీ మేడమీది గదిలో పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్న పద్నాలుగు మందిలో పెద్దమ్మ తప్ప అందరూ తలలూపారు. పెద్దమ్మ చేతిలో సూది గుడ్డలోకి సగం దిగి అక్కడే ఆగిపోయింది.

నలభై ఏళ్ళుగా బజారు చివర కుట్టుమిషను పెట్టుకుని, పొడుగైన ప్యాంట్లు మడిచి, పీచులు లేచిన కర్టెన్లకి అంచులు కుట్టి బతికిన మనిషామె. ఊళ్ళో సగం మందికి అంచుల పెద్దమ్మ అంటేనే తెలుసు. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అంచులొద్దనడం, వంటమనిషిని పిలిచి పొయ్యి ముట్టించొద్దని చెప్పినట్టుంది.

"మరి పీచులు లేస్తాయి కదమ్మా?"

"లేవాలి పెద్దమ్మా. నాక్కావలసిందే అది!" టీచరు ముఖం వెలిగిపోయింది. పాతికేళ్ళ పిల్ల, ఏం చెప్పినా చేతులు గాల్లో తిప్పుతూ చెబుతుంది. "మన నదిలోంచి ఏమేం పోయాయో ఈ జెండాల మీద కుట్టాం. ఆదివారం పాత రేవు దగ్గర తాడు కట్టి వేలాడదీస్తాం. ఆ తర్వాత మళ్ళీ చెయ్యి వెయ్యం. గాలీ వానా రోజూ కాస్త కాస్త తినేస్తాయి. దారిన పోయేవాళ్ళు రోజూ చూస్తారు. నిన్న ఉన్న కొంగ ఇవాళ లేదేమిటని అడుగుతారు. అప్పుడు తెలుస్తుంది, పోవడమంటే ఏమిటో."

"అద్దాల బీరువాలో పెడతారనుకున్నాను," అంది పెద్దమ్మ. ఆ మాట పక్కవాళ్ళకి కూడా వినబడలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అడిగింది. "ఎన్నాళ్ళుంటాయి?"

"గాలిని బట్టి. మూడు నెలలు. మహా అయితే నాలుగు."

"నా మోకాళ్ళకంటే ఎక్కువే ఉంటాయిలెండి," అంది కుడిపక్కనున్న నర్సమ్మ. అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా పళ్ళు కనిపించేలా పెదవులు లాగింది గానీ, కళ్ళు మాత్రం బల్లమీది జెండా మీద నుంచి కదలలేదు.

జెండాలు మొత్తం ఇరవై నాలుగు. పల్చటి తెల్లగుడ్డ, ఒక్కోటి చెయ్యి చాపినంత పొడుగు. టీచరు పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రతి ఒక్కరూ ఇంటినుంచి ఒక పాతబట్ట తెచ్చి, దాన్ని ఒకే ఆకారంలో ఇరవై నాలుగు ముక్కలు కత్తిరించాలి. ఒక్కో ముక్క ఒక్కో జెండాకి వెళ్ళాలి. ఎవరి ముక్కలు వాళ్ళు కుట్టుకోకూడదు, ఎడమపక్క మనిషికి ఇచ్చెయ్యాలి. నర్సమ్మ తెల్లకోటు ఇరవై నాలుగు కొంగలైంది. వాటిని పెద్దమ్మ కుట్టింది. పోస్టుమాన్ ఇంట్లో దుప్పటి తుంగ అయింది. పెద్దమ్మ తెచ్చిన నీలం గళ్ళ చొక్కా ఇరవై నాలుగు పడవలైంది.

అది ఆయన చొక్కా. పెనిమిటి పోయాక ఇంట్లో మిగిలిన ఆయన బట్టల్లో ఆఖరిది.

దాన్నిప్పుడు వెనక్కి అడగడానికి లేదు. ఏ జెండా అని అడుగుతుంది? చొక్కా అన్నిట్లోనూ ఉంది.

*

"నిన్నెవరిమ్మన్నారు? అడక్కుండానే ఎగేసుకుంటూ వెళ్ళి ఇచ్చొచ్చావు," అంది చెల్లెలు, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

ఇంట్లో ఉండేది అక్కాచెల్లెళ్ళిద్దరే. పెద్దమ్మ వీధివైపు కిటికీ దగ్గరికి వెళ్ళింది, వంటగదిలోకి వచ్చింది, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మనిద్దరం పోయాక ఆ చొక్కాకి దిక్కెవరే? పాతబట్టల వాడు తీసుకెళ్ళి బండ్లు తుడవడానికి అమ్ముకుంటాడు. లైబ్రరీ అయితే పదిమందిదీ కదా, ఎవరో ఒకరు తాళం వేసి ఉంచుతారనుకున్నాను."

"లైబ్రరీలో పుస్తకాలకే తాళం లేదు. పోయిన నెల్లో నేను తెచ్చిన వంటల పుస్తకంలో సగం పేజీలు ఎవరో చింపుకుపోయారు."

"నువ్వు నోరు మూసుకుని కాయలు ఒలువు."

"నేను ఒలుస్తూనే ఉన్నాను. నువ్వే అరగంట నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు. కూర్చో అక్కా, నాకే కళ్ళు తిరుగుతున్నాయి."

పెద్దమ్మ కూర్చుంది. కూర్చున్నాక చేతులేం చెయ్యాలో తెలియక ఒళ్ళో పడ్డ తొక్కలు ఏరింది. ఆయన బట్టలు ఒకటొకటిగా ఎలా పోయాయో ఆమెకి గుర్తే. ఉన్ని కోటు పక్కింటి ముసలాయన చలికి అడిగితే ఇచ్చింది. ప్యాంట్లు సంచులయ్యాయి. ఇచ్చినప్పుడల్లా, ఇంకా ఒకటుంది కదా అనుకుంది. ఈసారి అనుకోవడానికి ఇంకోటి లేదు.

"రేపు జెండాలన్నీ నేనే తెచ్చుకుంటాను," అంది హఠాత్తుగా. "పైన తాడు దూరడానికి గొట్టంలా మడిచి కుట్టాలిగా. చేత్తో కుడితే ఎప్పటికవుతుంది? మన మిషనుంది."

చెల్లెలు తలెత్తి చూసింది. "గొట్టమేనా?"

"గొట్టమే."

"నీ ముఖం చూస్తే గొట్టంతో ఆగేలా లేదు."

*

టీచరు సంబరపడి, జెండాలన్నీ రెండు సంచుల్లో సర్దిచ్చింది. "మీరుండబట్టి గానీ లేకపోతే నాకు దిక్కెవరు పెద్దమ్మా," అంది. ఆ మాట ఇంటిదాకా పెద్దమ్మకి చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

గురువారం పొద్దున మిషను ముందు కూర్చుంది. గంపగుత్త పని చేసేటప్పుడు ఆమె ఏనాడూ ఒక్కో బట్ట పూర్తిచేసుకుంటూ పోదు. అన్నిటికీ పైభాగం, అన్నిటికీ ఎడమ పక్క, అన్నిటికీ కుడి పక్క, ఆఖరున అడుగు. చెయ్యి ఒకే కొలతకి అలవాటు పడితే కన్ను లేకపోయినా మడత తప్పదు. పైన గొట్టాలు పదకొండు గంటలకల్లా అయిపోయాయి. అక్కడితో ఆపాలి. ఆపలేదు. ఎడమ అంచు గోరంత మడిచి, మళ్ళీ గోరంత మడిచి, సూది కిందికి తోసింది. ఒక్కో అంచూ మూసుకుంటుంటే ఒక్కో తలుపూ గడియ పెట్టినట్టుంది.

చెల్లెలు టీ తెచ్చి పక్కన పెట్టింది. కుట్టిన గుడ్డ చేతిలోకి తీసుకుని చూసింది.

"రెండు మడతలు కూడానా! ఇంక గాలి కాదు కదా, తుఫానొచ్చినా వీటినేం చెయ్యలేదు. టీచరమ్మకేం చెబుతావు?"

"అలవాటులో చెయ్యి జారిందంటాను."

"ఇరవై నాలుగు జెండాలకీ, మూడు వైపులా, రెండేసి మడతలు జారుతుందా చెయ్యి!"

"వెళ్ళి నీ పని చూసుకో."

శుక్రవారం మధ్యాహ్నానికి రెండు పక్కలూ అయ్యాయి. అడుగు అంచు మొదలుపెట్టింది. పడవలన్నీ అడుగునే ఉన్నాయి, నీళ్ళమీద ఉన్నట్టు. మొదటి జెండాలో సూది పడవ మీదికి రాగానే కుట్టు తప్పింది. సూది మార్చింది. మళ్ళీ తప్పింది. వేలితో తడిమింది. గుడ్డ అట్టలా బిరుసుగా ఉంది. గోటితో గీకితే తెల్లటి పొట్టు లేచింది. వాసన చూసింది.

కొవ్వొత్తి మైనం.

రెండో జెండా తీసింది. మూడోది, పదోది, అన్నీ తీసి మంచం మీద పరిచింది. కొంగలు మెత్తగానే ఉన్నాయి. తుంగ, చేపలు మెత్తగానే ఉన్నాయి. పడవల మీదే మైనం, ఇరవై నాలుగింటి మీదా. చొక్కా గళ్ళ మీద ఎక్కడా తప్పిపోకుండా, మూలమూలకీ, ఎవరో తీరిగ్గా కూర్చుని రుద్దారు.

ఆమెకి ఎడమపక్కన కూర్చునేది తూమాయన.

*

తూమాయనంటే రంగుల కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి; ఆ పేరెలా వచ్చిందో పెద్దమ్మ ఎప్పుడూ అడగలేదు. నాలుగు వారాల నుంచి పక్కపక్కనే కూర్చుంటున్నా ఆయన మాట్లాడింది పది మాటలుంటాయేమో. తన ఖాకీ చొక్కా ముక్కలు గుండ్రంగా, మధ్యలో చక్రానికున్నట్టు ఆకులతో కత్తిరించి తెచ్చాడు. బండి చక్రమా అని టీచరు అడిగితే ఊఁ అన్నాడు. అంతే.

శనివారం పెద్దమ్మ వెళ్ళేసరికి అందరూ టీకి లేచారు. తూమాయన లైబ్రరీ మెట్ల మీద ఒక్కడే కూర్చుని తాడుకి ముళ్ళు వేస్తున్నాడు. ఆమె ఒక జెండా తీసి ఆయన మోకాళ్ళ మీద పడేసింది.

"ఇదేం పనండీ?"

ఆయన పడవవైపు చూశాడు గానీ ఆమెవైపు చూడలేదు.

"త్వరగా పోకుండా ఉంటుందని."

"మైనం రాస్తే ఉంటుందని ఎవరు చెప్పారు మీకు? నాలుగు రోజులు ఎండ తగిలితే కరిగి పక్క గుడ్డల్లోకి దిగుతుంది. మరకలు కడతాయి. తెలియకపోతే కుట్టుపని తెలిసినవాళ్ళని అడగాలి." ఇంతసేపూ తను కుట్టిన అంచులు సంచిలో ఉన్నాయన్న సంగతి గుర్తొచ్చి గొంతు తగ్గించింది. "అయినా నా పడవలే ఎందుకు? మీ చక్రాలకి రాసుకోవచ్చుగా."

"చొక్కా గుర్తుపట్టానమ్మా."

పెద్దమ్మ మెట్ల పక్క గోడమీద చెయ్యి ఆనించి నిలబడింది.

"కాలర్ కింద తెల్లదారంతో మాసిక వేసుంది. ముక్కలు నా చేతికొచ్చినప్పుడు అది కనబడింది. రేవు పడవాయన అదే వేసుకునేవాడు." తూమాయన తాడు పక్కన పెట్టాడు. "నాది బండి చక్రం కాదమ్మా. తూము చక్రం. పొద్దున ఆరింటికి సైరన్ మోగితే తిప్పేవాణ్ణి. కార్ఖానాలో రంగు నీళ్ళన్నీ నదిలోకి పోవాలి. సరిగ్గా ఆ వేళకే ఆయన మొదటి ట్రిప్పు. రేవులో దిగి మోకాలి లోతు నీళ్ళలో పడవ తోస్తుండేవాడు. నన్ను చూసి చెయ్యెత్తేవాడు, కాస్త ఆగమని. రెండు నిమిషాలు ఆగితే పడవెక్కేసేవాడు."

"ఆగేవాడివా?"

'మీరు' ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

"సైరన్ అయ్యాక ఆలస్యమైతే మేస్త్రి ఊరుకునేవాడు కాదు."

"ఒక్కరోజైనా?"

"లేదమ్మా."

పైనుంచి నర్సమ్మ కేకేసింది. "అంచుల పెద్దమ్మా, మీ టీ చల్లారిపోతోంది! ఈగ కూడా పడింది, అది తాగేస్తుందో మీరు తాగుతారో!"

పెద్దమ్మ జెండా లాక్కుని సంచిలో కుక్కుకుని వెనక్కి తిరిగింది. పైకి వెళ్ళలేదు. వీధిలో రెండుసార్లు దారి తప్పి ఇల్లు చేరింది.

*

"బ్లేడు ఎక్కడ పెట్టావే?"

"ఏమైందక్కా? ముఖమలా పాలిపోయింది?"

"బ్లేడు!"

చెల్లెలు సొరుగులోంచి సగం విరిచిన బ్లేడు తెచ్చిచ్చింది. పెద్దమ్మ మంచం మీద జెండా పరిచి ఖాకీ చక్రం కుట్లు కొయ్యడం మొదలుపెట్టింది. కోస్తూనే చెప్పింది. చెప్పడం సగంలో ఆపింది. పాదాలు గుర్తొచ్చాయి. సాయంత్రాలు ఆయన పాదాలు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే, చీరిన వేళ్ళ సందుల్లో దూది పెట్టేది. బేసిన్‌లో నీళ్ళు ఒకరోజు ఎరుపు, ఒకరోజు నీలం. "ఇవాళేం రంగు?" అని నవ్వుతూ అడిగేది తను. రోజూ అడిగేది. ఆయనా నవ్వేవాడు. చెయ్యెత్తిన సంగతి ఒక్కనాడూ చెప్పలేదు.

చక్రం సగం ఊడింది. దాంతోపాటు పడవ కొస కూడా లేచింది. ముక్కలన్నీ ఒకదాని కొస మీద ఒకటి వేసి కుట్టడం టీచరు పద్ధతి. చక్రం కుట్టిన దారమే పడవలోంచి కూడా పోయింది. చక్రం తీస్తే పడవ రాలిపోతుంది.

పెద్దమ్మ బ్లేడు పక్కన పెట్టింది. తర్వాత జెండాని అటూ ఇటూ తిప్పింది. తన అంచు చూసింది. తీగ లాగినట్టు తిన్నగా, రెండు మడతలు, నూరేళ్ళు చెక్కుచెదరని పని.

"వీడి చక్రం కలకాలం ఉండేలా నేను అంచు కుట్టిపెట్టాను," అంది.

"బావ పడవ కూడా ఉంటుంది కదక్కా."

"ఆ చక్రం పక్కనా? ఎప్పటికీ ఆ చక్రం పక్కనేనా?"

పెద్దమ్మ ముందు ఊడిన చక్రాన్నీ పడవనీ చేతికుట్టుతో మళ్ళీ బిగించింది. తర్వాత జెండా తిరగేసి, నాలుగు కుట్లకొకటి చొప్పున బ్లేడుతో తెంపి, కింది బాబిన్ దారం కొస పట్టుకుని లాగింది. అంచు గుక్కపెట్టినట్టు చప్పుడు చేస్తూ విడిపోయింది.

"కుట్టిందీ నువ్వే, విప్పేదీ నువ్వే. మధ్యలో నా కళ్ళెందుకు పోవాలి?" అంటూనే చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని రెండో జెండా ఒళ్ళోకి లాక్కుంది. పొద్దుగూకేలోపు పైన గొట్టాలు తప్ప ఏ కుట్టూ మిగల్లేదు. నేలంతా తెల్లదారాలు. విప్పినచోట సూది రంధ్రాలు వరసగా కనబడుతున్నాయి. పెద్దమ్మ వాటిమీద గోరుతో రాసింది. అవి కొన్ని పూడాయి, కొన్ని పూడలేదు.

*

ఆదివారం అందరికంటే ముందు లైబ్రరీకి వెళ్ళింది, ఒక చేత్తో జెండాల సంచులు, ఇంకో చేత్తో ఇస్త్రీపెట్టె. మేడమీద టీచరుకి జెండాలు చూపించి జరిగిందంతా చెప్పేసింది, మైనం సంగతి తప్ప. టీచరు సూది రంధ్రాలు చూసింది. ఏదో అనబోయి, ఆమె ఎర్రటి కళ్ళు చూసి, "మీరు విప్పేశారు కదా పెద్దమ్మా," అని ఊరుకుంది. "పది గంటలకి కట్టేద్దాం. అప్పటికి గాలి లేస్తుంది."

టీచరు రేవు దగ్గరికి వెళ్ళిపోయాక తాడు చుట్ట భుజాన వేసుకుని తూమాయన వచ్చాడు. ఆమెను చూసి గుమ్మంలోనే ఆగాడు.

"కూర్చో," అంది పెద్దమ్మ. బల్ల మీద ఒక చెంచా పెట్టింది. "నీ మైనం నువ్వే తియ్యి. గీకి నాకివ్వు."

ఆయన తాడు దించి కూర్చున్నాడు. చెంచా అంచుతో మెల్లగా, గుడ్డ చిరగకుండా గీకాడు. పెద్దమ్మ పడవకి కిందొక పాత పేపరు, పైనొకటి వేసి ఇస్త్రీపెట్టె ఆనించింది. లోపల మిగిలిన మైనం కరిగి పేపర్లోకి ఎక్కింది. నూనె మరకలా ఒక పడవ ఆకారం పేపరు మీద పడింది. జెండా తీసి పక్కన పెట్టింది. ఇంకోటి. ఇంకోటి.

"నిన్నేం క్షమించలేదు నేను," అంది ఐదో జెండా దగ్గర.

"అడగలేదమ్మా."

ఏడో జెండా గీకుతూ ఆయన, తనలో తను అనుకున్నట్టుగా, "పాడేవాడు," అన్నాడు.

"ఎవరు?"

"పడవాయన. మొదటి ట్రిప్పులో జనం ఉండేవాళ్ళు కాదు. అవతలి ఒడ్డు నుంచి మనుషుల్ని తేవడానికి ఒక్కడే వెళ్ళేవాడు. గొంతెత్తి పాడేవాడు."

"ఆయనా?" పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో ఈల కూడా వేసెరగడు. ఇంకెవరినో చూసి ఉంటావు."

"ముప్ఫై ఏళ్ళు చూశానమ్మా. ఒకటే పాట. అదీ సగమే వచ్చు. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి మాటలు గుర్తు రాక తిట్టుకునేవాడు. మళ్ళీ మొదటికొచ్చేవాడు."

కాలుతున్న వాసన వచ్చి ఆమె ఇస్త్రీపెట్టె చటుక్కున ఎత్తింది. పేపరు గోధుమరంగుకి తిరిగింది. గుడ్డకేం కాలేదు. పడవని ఊది, అరచేత్తో అద్దింది.

ఆమె ఏనాడూ రేవుకి వెళ్ళలేదు. ఆయన బయల్దేరేవేళకి పొయ్యి దగ్గర ఉండేది. తలుపు వేసిన చప్పుడు మాత్రం తెలుసు.

"ఇంకా?" అంది.

"అవతలి ఒడ్డున ఒక నల్లకుక్క ఉండేది. పడవ సగం దూరం రాగానే నీళ్ళలోకి దూకి ఎదురీదుతూ వచ్చేది. 'మళ్ళీ టిక్కెట్టు లేకుండానా!' అని దాన్ని కసిరేవాడు. కసిరి ఎక్కించుకునేవాడు."

"అందుకా చొక్కా నిండా వెంట్రుకలు!" ఆమె నవ్వు ముక్కులోంచి వచ్చింది. వెంటనే చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవరింట్లో పడుకున్నావని నేను సాధించేదాన్ని."

తూమాయన నవ్వలేదు. తలవంచుకుని గీకుతూనే ఉన్నాడు. పొగమంచు రోజుల్లో తెడ్డుతో పడవ అంచు మీద మూడుసార్లు కొట్టేవాడని చెప్పాడు. ఒక రోజు ముసలమ్మనెవరినో ఎత్తుకుని దించాడని, ఆమె చంకలో కోడి ఆయన చెవి పొడిచిందని చెప్పాడు. ఆ చెవి దెబ్బ పెద్దమ్మకి తెలుసు. మేకు గీసుకుందని చెప్పాడు ఆ మహానుభావుడు. ఒక్కో మాట కోసం ఆమె ఒక్కో జెండా అందించింది. పూర్తయిన జెండాల దొంతర పెరిగింది, కావలసినవాటి దొంతర తరిగింది.

కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. కింద మెట్ల దగ్గర నుంచి టీచరు గొంతు వినిపించింది.

"పెద్దమ్మా! గాలి లేచింది! అయ్యాయా?"

తూమాయన ఆఖరి పడవ గీకి అందించాడు. పెద్దమ్మ ఇస్త్రీ చేసి దొంతర మీద పెట్టింది. ఇరవై నాలుగు. బల్లమీద ఇంకేం లేదు.

"ఎక్కడమ్మా," అని కేకేసింది కిందికి. "ఇంకా ఉన్నాయి."

దొంతర అడుగునుంచి ఒక జెండా లాగి ఆయన ముందు పరిచింది. "ఇది సరిగ్గా పోలేదు."

ఆయన పడవ మీద బొటనవేలితో రాశాడు. గుడ్డ మెత్తగా వేలికింద నలిగింది. ఆమె ముఖంలోకి చూశాడు. చెంచా అందుకున్నాడు.

పెద్దమ్మ కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఊఁ, చెప్పు. వానల్లో ఎలా దాటేవాడు?"